ఇరవై తూటాల్లో ఒకటి జోది కాదు

ఏం అల్లుడూ, ఇంట్లో కూడా నల్ల కళ్ళద్దాలేనా? లైటు కళ్ళలో గుచ్చుకుంటోందా, లేక శత్రుదేశం వాళ్ళు గుర్తుపట్టేస్తారని భయమా? నీ మొహం ఎత్తుకుపోయి వాళ్ళేం చేసుకుంటారోయ్, దిష్టిబొమ్మకి పెట్టుకుంటారా? తియ్, తీసి ఇలా కూర్చో. గూఢచారి కథ కావాలన్నావుగా, ఇదిగో. మధ్యలో "నాకు ముందే తెలుసు మావయ్యా" అన్నావంటే మాత్రం లేచిపోతా.

ఎనభై నాలుగు ఆగస్టు. మొదట పోయినవాడు ఐడహోలో. పేరు ఓటా క్రాల్. ఇనుప తెర అవతల శత్రుదేశంలో రాకెట్లు చేసే చోట పనిచేసి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇవతలికి దూకినవాడు. ఆదివారం పొద్దున చాప మీద బోర్లా పడుకుని, వెయ్యి గజాల అవతలున్న టార్గెట్‌కి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాడు. గుండు ముందుకి పోవాలి గదా? రైఫిలే వెనక్కి పేలింది. ఊరి పోలీసు పెద్ద షరీఫు వచ్చి చూశాడు. "సొంతంగా తూటాలు చేసుకునేవాడే గదా, తుపాకిమందు ఎక్కువ పోసుకున్నాడు" అని రాసుకుని పోయాడు.

ఇరవై రోజులకి మోంటానాలో విలెమ్ మ్రాజ్. వాడూ క్రాల్‌తో పాటు దూకినవాడే. అదే ఆదివారం, అదే చాప, షరీఫు రాసిన ముక్క కూడా అదే.

డెన్వర్‌లో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పైన ఆఫీసు. కింద డ్రిల్లు గుయ్యిమంటుంటే పైన ఏజెంట్ వెండెల్ క్రౌడర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నలభై తొమ్మిదేళ్ళు. అరడజను దేశాల్లో అరడజను పేర్లతో తిరిగాడు. ఏ పేరూ కలిసిరాలేదు. ఎదురుగా చీఫ్ గార్డనర్.

"ఇద్దరు పోయారు."

"తెలుసు సార్. ఇద్దరి పెట్టెలూ నేనే మోశాను."

"మూడోవాడు జో బెండా. వాళ్ళ రాకెట్ ఎంత గురిగా పడుతుందో సోమవారం కమిటీ ముందు చెప్పాలి. ముగ్గురి మాటా ఒకటైతే నమ్ముదామనుకున్నాం. ఇక ఉన్నది వాడొక్కడే."

"ఆదివారం గురి మ్యాచ్ ఉంది సార్."

"ఆడొద్దని ఫోన్ చేశాం."

"ఏమన్నాడు?"

"పెట్టేశాడు."

ఆ ముగ్గుర్నీ పేర్లు మార్చి ఆ బయళ్ళలో దింపింది వెండెలే. మనుషుల కంటే జింకలు ఎక్కువుండే ఊళ్ళు. పొద్దు పోక గోడలకేసి చూస్తూ కూర్చుంటున్నారని, తలో సెకండ్‌హ్యాండ్ రైఫిలూ కొనిచ్చి ఈ గురి సరదా అంటించిందీ అతనే. అందుకే ఆ రెండు పెట్టెలూ అతని భుజాలకి మామూలు కంటే బరువుగా తగిలాయి.

గార్డనర్ బల్ల మీద సామాను పెట్టాడు. ఫోటోలు తీసే పెన్ను. పొగ పీలిస్తే మనిషి పది నిమిషాలు నిద్రపోయే లైటరు. పశువుల మందుల సేల్స్‌మాన్ అని కార్డు. ఒక రైఫిలు, కంపెనీ తూటాల పెట్టె ఒకటి.

"రోక్సాన్ అక్కడే ఉంది. వాళ్ళ ముఠాలో మన మనిషి. కోడ్ మాట గుర్తుందిగా?"

"ఉంది సార్."

"బెండాని బతికించు క్రౌడర్."

"మిగతా ఇద్దరి గురించీ ఇలాగే చెప్పారు సార్" అన్నాడు వెండెల్. కింద డ్రిల్లు గట్టిగా మోగింది. గార్డనర్‌కి వినపడలేదో, వినపడనట్టు ఊరుకున్నాడో.

వ్యోమింగ్‌లో జో ఉండే ఊరు కోల్టర్ స్ప్రింగ్స్. గురి పోటీలు జరిగే రేంజి గేటు దగ్గరే వెండెల్ మారువేషం సగం ఊడిపోయింది. రేంజి నడిపే బడ్ ఓస్గుడ్, పీపాలాంటి మనిషి, వెండెల్ పెట్టె చూసి కళ్ళు నులుముకున్నాడు.

"ఏంటి బాబూ ఇవి?"

"తూటాలండి."

"కొన్నవా?"

"కొన్నవే."

బడ్ వెనక్కి తిరిగి కేకేశాడు. "నార్మా! ఇలా రావే! ఎవరో కొన్న తూటాలు తెచ్చాడు!"

పెళ్ళివారింట్లో బజారు పచ్చడి వడ్డించినట్టయింది. గేటు దగ్గర స్వెట్టరు అల్లుకుంటున్న బడ్ పెళ్ళాం నార్మా వచ్చి జాలిగా చూసి, కజ్జికాయలాంటి ఆపిల్ పై ముక్క ఒకటి చేతిలో పెట్టి పోయింది. చావు జరిగిన ఇంటివాణ్ణి పలకరించినట్టు.

అక్కడి పద్ధతి అది అల్లుడూ. వెయ్యి గజాలంటే మాటలా? టార్గెట్ మధ్యనున్న నల్ల చుక్క కంటికి ఆవగింజంత కూడా ఆనదు. కంపెనీవాడు లక్షల్లో గుద్దిన తూటాల్లో ఒకదానికీ ఒకదానికీ ఒక పిసరు తేడా ఉంటుంది. ఆ పిసరు అంత దూరం పోయేసరికి మూరెడవుతుంది. అందుకని ఎవడి తూటా వాడే చేసుకుంటాడు. పరాయివాడిది ముట్టడు, తనది ముట్టనివ్వడు.

జో బెండా షెడ్డులో ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్ళు, పొడుగ్గా, ఎండిన మొక్కజొన్న కాడలా. బల్ల మీద సన్నటి తరాజు, దాని ముందు నోరు మూసుకుని ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు. ఊపిరి తగిలితే ముల్లు కదులుతుందట.

"ఏం నాయనా, ఆవులకి పురుగుల మందు అమ్ముతున్నావట?" అన్నాడు తల తిప్పకుండానే. "ఊళ్ళో ఆవుల కంటే నీ సంగతే ముందు తెలిసింది."

"పెద్దాయనా, ఈ ఆదివారం ఆడకండి."

"కూర్చో. తలుపు వెయ్యి, గాలొస్తోంది."

జో మందు పలుకులు ఒక్కొక్కటే పట్టకారుతో తరాజులో వేశాడు. ఒకటెక్కువైతే తీశాడు. ముల్లు నిలిచాక ఆ మందు ఇత్తడి డొప్పలో పోసి, పైన గుండు పెట్టి, చేతిమర కిందికి లాగాడు. పాలు తాగే పిల్లకి పక్క సర్దినంత మెల్లిగా.

"పదకొండు నెలలైంది నాయనా. మందు తూకం గ్రెయిన్‌లో రెండు పదోవంతుల చొప్పున పెంచుకుంటూ పోయాను. మెట్టుకి మూడు తూటాలు. కాగితం మీద పైకొకటి, కిందకొకటి, చెల్లాచెదురు. మళ్ళీ పెంచడం, మళ్ళీ చెల్లాచెదురు. మంచు పడింది, కరిగింది. ఏప్రిల్‌లో ఒకరోజు మూడూ ఒకే గీత మీద కూర్చున్నాయి. ఆ చోటు నుంచి గుండు డొప్పలోంచి ఎంత పొడుగు బయటికుండాలో మార్చుకుంటూ ఇంకో నాలుగు నెలలు. ఇప్పుడు వింటోంది."

"ఏది వింటోంది?"

"రైఫిలు. నా మాట ఎవరూ వినలేదు నాయనా. దేశం వినలేదు. పెళ్ళాం నాతో రమ్మంటే రాలేదు. మీ ఆఫీసు వాళ్ళు నేను చెప్పింది రాసుకుంటారు గానీ వినరు. ఇదొక్కటే వింటుంది. దీన్ని ఆదివారం ఇంట్లో పడుకోబెట్టమంటావా?"

"క్రాల్ కూడా ఇలాగే అన్నాడు."

జో చెయ్యి ఆగింది. "క్రాల్ మంచివాడు. మందు ఎక్కువ పోసే రకం కాదు" అన్నాడు. మళ్ళీ పట్టకారు తీసుకున్నాడు.

శనివారం పొద్దున హైవే మీద హోటల్లో రోక్సాన్ టీల్ ఎదురుగా కూర్చుంది. బయట ఎర్ర కారు. లోపల ఉన్న ముగ్గురు రైతులూ గుడ్ల అట్టు చల్లారిపోతున్నా ఆవిణ్ణే చూస్తున్నారు. గుండ్లు చేసే కంపెనీకి ఊరూరా తిరిగి అమ్మిపెట్టే మనిషి అని పైకి. లోపల ముఠాకి మనిషి. ఆ లోపల ఆఫీసుకి మనిషి. ఇంకా లోపల ఎవరి మనిషో ఆవిడకే తెలియాలి.

"గాలి ఎటు?" అన్నాడు వెండెల్.

"ఎటు వీచినా నాకు ఎదురే."

ఈ కోడ్ మాట పెట్టినవాడెవడో గానీ ఇద్దరి జాతకాలూ చూసి పెట్టాడు.

ఆవిడ కాఫీలో చెంచా తిప్పుతూనే ఉంది. పంచదార వెయ్యలేదు.

"అయిపోయింది వెండెల్. నిన్న జో కాఫీ పెట్టడానికి లోపలికెళ్ళాడు. తూటాల డబ్బా తెరిచి ఉంది. ఒకటి తీసి ఒకటి పెట్టాను."

"ఏది?"

"తెలియదు. వాడు వస్తున్న చప్పుడైంది, దొరికిన గుంటలో పెట్టేశాను. తర్వాత నా కళ్ళముందే డబ్బాకి దారం కట్టేశాడు."

"అందులో ఏముంది?"

"పిస్తోలుకి వాడే మందు, ఒక్కసారిగా భగ్గుమనేది. నిండా. బరువు సరిపోయేలా చేశారు. బయటికి అచ్చు జోదే. వాడి బల్ల మీద తూటాల లెక్కలు రాసుకునే నోటుబుక్కు ఫోటో తీసిచ్చింది నేనే గదా, అందులో ఉన్నట్టే చేశారు. క్రాల్‌కీ మ్రాజ్‌కీ కూడా..."

"నువ్వేనా?"

"నేను కాదు. నాలాంటిదే ఇంకొకతె." చెంచా ఆగింది. "మా చెల్లెలు ఇనుప తెర అవతల బ్ర్నోలో ఉంది. నేను చెయ్యకపోతే దాని వీధి చివర కారు ఆగుతుంది. చేసి నీకు చెప్తున్నాను. ఇంతకంటే నా వల్ల కాదు. రేపు బూడిదరంగు కోటు వేసుకుని ఒకడొస్తాడు. పని అయిందో లేదో చూసుకుని పోవడానికి."

వెండెల్ పరుగున జో దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. మారువేషం లేదు, కోడ్ లేదు, మనిషి కాళ్ళు పట్టుకున్నంత పనిచేశాడు.

జో మొహం ఎర్రబడింది. భయంతో అనుకునేవు, కాదు. రోషం.

"నా డబ్బాలో చెడ్డ తూటానా?"

"మీరు పెట్టింది కాదు పెద్దాయనా, ఆవిడ పెట్టింది."

"ప్రతిదీ కొలిచాకే పెట్టాను. ప్రతిదీ."

"మళ్ళీ కొలవండి. విప్పండి ఆ దారం."

"కట్టాక లైన్ మీదే విప్పాలి. ఇప్పుడు ముట్టుకుంటే చేతి చెమటంటుతుంది, వేడి తగులుతుంది. రాత్రంతా ఇరవయ్యీ ఒకే చల్లదనంలో పడుకోవాలి."

"పోనీ బడ్ దగ్గర ఇరవై అడిగి తీసుకోండి."

జో ఆ మాటకి గోడ పట్టుకున్నాడు. "పరాయివాడి తూటా నా రైఫిల్లోనా? దానికంటే పేలిపోవడం నయం." మెల్లిగా అన్నాడు. "ముగ్గురం కలిసి కంచె దూకాం నాయనా. ఇద్దరు పోయారు. నేను మిగిలి ఏం చూడాలి? ఈ ఒక్క మ్యాచ్ చూడనీ."

తనని చంపడానికి ఎవడో వచ్చాడంటే ఒప్పుకుంటారు గానీ, తన చేత్తో కట్టిన డబ్బాలో తేడా ఉందంటే ఒప్పుకోరు ఈ గురిగాళ్ళు. ఆ మూర్ఖత్వం ముందు ఏ ఏజెంటూ నిలవలేడు.

వెండెల్ హోటల్ నుంచి గార్డనర్‌కి ఫోన్ చేశాడు.

"మ్యాచ్ ఆపించండి సార్."

"ఆపితే కోటు వాడు మాయమవుతాడు. బెండాకి హెచ్చరిక చేశావా?"

"చేశాను."

"అయితే రాతపూర్వకంగా చేశానని ఒక కాగితం రాసి సంతకం పెట్టు. రేపేదైనా అయితే ఆఫీసు మీదకి రాకూడదు."

ఇక మిగిలింది దొంగతనం. మధ్యాహ్నం రేంజిలో అందరూ మిరపకాయల బీన్సు పులుసు తింటుంటే, వెండెల్ వంగి వంగి జో ట్రక్కు దగ్గరికి పోయాడు. సీటు మీద దారం కట్టిన డబ్బా. పక్కనే బడ్ నిలబడి సిగరెట్ కోసం తడుముకుంటున్నాడు. వెండెల్ మర్యాదగా లైటరు వెలిగించి పట్టుకున్నాడు. ఆ బయళ్ళలో గాలి ఎప్పుడు ఎటు తిరుగుతుందో ఎవడికి తెలుసు? పొగంతా వెండెల్ ముక్కులోకే పోయింది. అప్పటికే చెయ్యి చాచి అందుకున్న డబ్బాని గుండెలకి హత్తుకుని మరీ అక్కడే పడి గురకపెట్టాడు వెండెల్.

లేచేసరికి చుట్టూ పదిమంది.

"తూటాల దొంగ!" అన్నాడు బడ్. "మా ఊళ్ళో ఒకడు పక్కవాడి పెళ్ళాంతో లేచిపోతే మరుసటేడు మ్యాచ్‌కి రానిచ్చాం. తూటాలు దొంగిలించినవాణ్ణి మాత్రం ఇంతవరకూ చూళ్ళేదు."

"గేటు బయట పడేద్దాం" అన్నారు ఎవరో.

జో గుంపులోంచి వచ్చి డబ్బా తీసుకుని దుమ్ము దులిపాడు. "వదిలెయ్యండి. రేపు నా స్కోరు రాసేవాడు వీడే."

"వీడా? ఏరా జో, ఎండ దెబ్బ తగిలిందా?"

"నా ప్రతి తూటా నాకంటే శ్రద్ధగా చూస్తాడు. ఇంతకంటే మంచి స్కోరర్ దొరుకుతాడా?"

ఆదివారం. ఇరవై తూటాలు, ఇరవై రెండు నిమిషాలు. జో చాప మీద బోర్లా పడుకుని దారం విప్పాడు. వెనక మూడడుగుల్లో ముక్కాలి పీట మీద వెండెల్, చేతిలో పెన్సిలు, కంటి దగ్గర దుర్భిణీ. పక్క చాప మీద బడ్. వెనక తాడు అవతల జనంలో బూడిదరంగు కోటు. కోటుకి నాలుగడుగుల్లో రోక్సాన్, చేతిసంచి రెండు చేతులా పట్టుకుని.

మొదటి తూటా. వెండెల్ కళ్ళు మూసుకున్నాడు. ఢాం. కళ్ళు తెరిస్తే జో ఉన్నాడు. అవతల గోతిలో వాళ్ళు టార్గెట్ దింపి, గుండు పడ్డచోట గుర్తు పెట్టి, పదికి ఎన్నొచ్చాయో చూపిస్తూ ఎత్తారు. పది.

రెండోది. పది. మూడోది. పది.

"కళ్ళు మూసుకుంటే స్కోరెలా రాస్తావు నాయనా?" అన్నాడు జో ముందుకే చూస్తూ.

ఏడు అయ్యేసరికి వెండెల్ చొక్కా తడిసిపోయింది. ఏడు తూటాలు మంచివి కావడం సంతోషమేం కాదు అల్లుడూ, మిగిలిన పదమూడింట్లో అది ఉందన్నమాట. పది అయ్యాక పదింట్లో ఒకటి. పదిహేను అయ్యాక ఐదింట్లో ఒకటి. జో గురి బాగుపడేకొద్దీ చావు దగ్గరకొస్తోంది. పదహారు, పది. పదిహేడు, పది. జనం గుసగుసలాడటం మానేశారు. ఆ రేంజిలో ఎవడూ వరసగా ఇన్ని పదులు కొట్టలేదు. బడ్ సైతం తన రైఫిలు దించి చూస్తున్నాడు.

పద్దెనిమిది. పది.

డబ్బాలో రెండు మిగిలాయి.

"పెద్దాయనా, చాలు. లేవండి" అన్నాడు వెండెల్.

"నోర్ముయ్ నాయనా, గాలి చూస్తున్నా."

జో పంతొమ్మిదోది తీసి లోపల పెట్టాడు. గొళ్ళెంలాంటి బోల్టు ముందుకి తోసి కిందికి వంచాడు. వంగలేదు. వెంట్రుకవాసిలో ఆగిపోయింది.

ఇంకెవరైనా అయితే అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టి మూసేసేవాళ్ళు. గడియారం పరుగెడుతోంది, పద్దెనిమిది పదులున్నాయి. జో అరచెయ్యి కూడా పైకి లేచింది. వెండెల్ ముక్కాలిపీట మీంచి ముందుకి పడి ఆ చేతిని రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"కొట్టకండి!"

జో అతని వంక చూళ్ళేదు. బోల్టు వంక చూశాడు. ఎంతో కాలం కలిసి బతికిన మనిషి ఒకరోజు పేరు మర్చిపోయి పలకరిస్తే చూసినట్టు చూశాడు. బోల్టు వెనక్కి లాగి, తూటా బయటికి తీసి, వేళ్ళ మధ్య తిప్పాడు.

"ఇది నాది కాదు" అన్నాడు.

చాప పక్కన మట్టిలో దాన్ని నిలబెట్టి, చివరి తూటా తీసుకుని, పెట్టి, కాల్చాడు. పది.

తాడు అవతల బూడిదరంగు కోటు గేటు వైపు నడక మొదలెట్టింది. వెండెల్ లేచాడు. లేచి ఏం లాభం, జో పక్కనుంచి కదిలితే ఇంకెవడున్నాడో తెలియదు. కోటు వాడు కారెక్కాడు. గేటుకి గొలుసు, గొలుసు ముందు కుర్చీ, కుర్చీలో నార్మా.

"గేటు తియ్యమ్మా, అర్జెంటు."

"ఫైరింగ్ ఆగేదాకా తియ్యను బాబూ."

"మా అమ్మకి బాగాలేదు!"

"మా ఆయన రూలు. గవర్నరొచ్చినా ఇక్కడే కూర్చోవాలి. ఆపిల్ పై తింటావా?"

ఇక్కడ లైన్ మీద జో ఖాళీ డబ్బాలోకి చూస్తున్నాడు. ఇంకా రెండు నిమిషాలుంది. ఒక షాట్ మిగిలింది. తూటా లేదు. ప్రాణం దక్కిందన్న సంగతి అతని మొహంలో ఎక్కడా లేదు.

"నాదేది?" అన్నాడు చిన్నపిల్లాడిలా. "ఇది నాది కాకపోతే నాదేది?"

రోక్సాన్ తాడు కింద నుంచి దూరి వచ్చింది. ఎత్తు మడమల జోళ్ళు కంకరలో దిగబడుతున్నాయి. అందరూ చూస్తున్నారు. గేటు దగ్గర కారులోంచి కోటు వాడూ చూస్తున్నాడు. అది ఆవిడకి తెలుసు. చేతిసంచి తెరిచి, చేతిరుమాల్లో చుట్టిన తూటా తీసి, జో చాప మీద పెట్టింది.

"పారెయ్యబుద్ధి కాలేదు" అంది.

జో దాన్ని వేళ్ళతో తడిమి చూశాడు. "ఇది నాదే." బోల్టు వెన్నలో కత్తిలా మూసుకుంది. ఊపిరి వదిలి, సగంలో ఆపి, నొక్కాడు.

టార్గెట్ దిగింది. ఎక్కింది. ఆఖరి క్షణంలో గాలి తిరిగింది.

తొమ్మిది.

బడ్ తన ఆఖరి తూటా కాల్చాడు. వాడికి ఆ రోజు ఇరవయ్యీ పదులేనట, ఎవరూ చూడనేలేదు. ఒక్క పాయింటుతో బడ్ గెలిచాడు. పదకొండు నెలల పని అలా పోయింది. వెండెల్ గేటు దగ్గరికెళ్ళేసరికి కోటు వాడు రెండో ఆపిల్ పై ముక్క తింటున్నాడు. చెయ్యి ఖాళీ చేసుకోమని చెప్పి సంకెళ్ళేశాడు.

రోక్సాన్‌ని ఆఫీసు కారు ఎక్కించేటప్పుడు ఆవిడ వెండెల్ చెయ్యి పట్టుకుంది. "వాళ్ళు చెప్పినట్టే నేను చేశానని, తూటాయే పేలలేదని పేపర్లో రాయించు. మా చెల్లెలు బతుకుతుంది."

వెండెల్ ఫోన్ చేశాడు. గార్డనర్ "చూద్దాం" అన్నాడు. ఆ ఆఫీసులో ఆ మాటకి అర్థమేంటో ఇద్దరికీ తెలుసు. అయినా వెండెల్ కారు దగ్గరికొచ్చి "రాయిస్తారట" అన్నాడు. ఆవిడ తల ఊపింది. నమ్మినట్టే ఊపింది. పక్కవారానికి పేపర్లో వ్యోమింగ్ గొర్రెల ధరలు వచ్చాయి గానీ ఇది రాలేదు.

సాయంత్రం జో ఆ పరాయి తూటా పొడుగు కొలిచి బడ్‌కి చూపించాడు. బడ్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నీ నోటుబుక్కు చూసి చేశాడా! అయ్యో పిచ్చోడా!"

"నవ్వుతారేంటండీ?" అన్నాడు వెండెల్.

"ఓరి నీ అమాయకత్వం కూలా! బల్ల మీద పెట్టే నోటుబుక్కులో నిజం ఎవడు రాస్తాడు? ప్రతివాడూ వచ్చి తొంగిచూస్తాడు గదా. నేనైతే మందు తక్కువ రాస్తాను. వీడు గుండు పొడుగు పెంచి రాస్తాడు, అందుకే ఆ తూటా వీడి రైఫిల్లో పట్టలేదు. ఎవడి కళ్ళూ పోకూడదు, ఎవడూ గెలవకూడదు. అసలు లెక్క ఇక్కడుంటుంది" అని నుదురు చూపించాడు.

"క్రాల్, మ్రాజ్ కూడా అలాగే రాయాల్సింది" అన్నాడు వెండెల్.

"వాళ్ళకి చెప్పాను" అన్నాడు జో. "తూటాల దగ్గర అబద్ధమెందుకన్నారు. ఆ ఒక్క చోట నిజాయితీగా ఉందామనుకున్నారు."

ఆ "ఒక్క చోట" అన్న మాట వెండెల్ చెవిలో ముల్లులా ఉండిపోయింది.

సోమవారం కమిటీ గదిలో తొమ్మిదిమంది పెద్దమనుషులు, ఒక టేపు రికార్డరు. జో నీళ్ళు తాగి, నిటారుగా కూర్చుని చెప్పాడు. వాళ్ళ రాకెట్ ఆరువేల మైళ్ళు వచ్చి గురిపెట్టిన చోటికి నూరు గజాల్లో పడుతుంది. గది చల్లబడిపోయింది. ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అంటే వాళ్ళ జోలికి పోలేం" అన్నాడు ఇంకొకాయన, ఎవరితోనో కాదు, తనలో తనే. సాక్షి సంతకం వెండెల్‌ది.

బయట మెట్ల మీద ఇద్దరే ఉన్నప్పుడు అడిగాడు.

"పెద్దాయనా. అసలెంత?"

జో చుట్టూ చూశాడు. "రెండు మైళ్ళు. ఒక్కోసారి ఊరే తప్పుతుంది."

"మరి..."

"రెండు మైళ్ళని చెప్తే మీవాళ్ళకి ధైర్యమొస్తుంది నాయనా. ధైర్యమొచ్చినవాళ్ళని నేను అక్కడ చూశాను, ఇక్కడా చూశాను. ఇద్దరికీ భయముంటేనే పిల్లలు బడికి పోతారు. ముగ్గురం కంచె దూకిన రాత్రే అనుకున్నాం, ఇదే చెప్దామని. మేము రెండు మైళ్ళని చెప్పేస్తామని, వాళ్ళ పరువు పోతుందని మమ్మల్ని చంపడానికి మనుషుల్ని పంపారు. వాళ్ళకి కావలసిన అబద్ధమే చెప్తున్నాం మేము. ఆ సంగతి వాళ్ళకి ఎవరు చెప్పాలి?"

వెండెల్ మెట్టు మీద కూర్చుండిపోయాడు. రెండు పెట్టెలు. బ్ర్నోలో ఒక చెల్లెలు. అన్నీ దేనికి? ఎవరూ చెప్పబోని నిజాన్ని దాచడానికి. లోపలికెళ్ళి చెప్తే జోని మర్నాడే అవతలికి తిరుగు విమానమెక్కిస్తారు. చెప్పకపోతే అబద్ధానికి సాక్షి సంతకం తనది. జేబులోంచి లైటరు తీశాడు, వాసన గుర్తొచ్చి మళ్ళీ పెట్టేసుకున్నాడు.

"ఆకలేస్తోంది పెద్దాయనా" అన్నాడు చివరికి.

ఆ ఏడు ఆఫీసు వాళ్ళు ఆ నూరు గజాల్ని నమ్ముకుని కొండల కింద గుహలు తవ్వించారు. వెండెల్‌కి మెడల్ ఇచ్చారు. గార్డనర్ మీద గౌరవంతో పుచ్చుకున్నాడని పేపర్లో రాశారు. అది మాత్రం రాశారు.

అదీ కథ. ఏం అల్లుడూ, కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంటున్నావే? నువ్వు మంచివాడివి గనక ఇంకో ముక్క చెప్తా, మీ అత్తక్కూడా తెలియదు. జో పోయే ముందు ఆ పదకొండు నెలల అసలు లెక్క నాకొక్కడికే చెవిలో చెప్పాడు. నువ్వు కొనుక్కున్న రైఫిలూ అదే రకం గదా. మందు నలభై మూడున్నర గ్రెయిన్లు. గుండు చివరి నుంచి డొప్ప అడుగుదాకా మొత్తం పొడుగు రెండంగుళాల ఎనిమిది పదోవంతులు. మెల్లిగా, మెల్లిగా, తొందరేం లేదు, నేనాగుతాను. అరచేతి మీద రాసుకుంటున్నావా? రాసుకో, రాసుకో.

కమిటీ గదిలో ఆ పెద్దమనుషులూ అచ్చం ఇలాగే రాసుకున్నారు.